విజయరాణి ఒప్పుకున్న ముప్పై

విజయరాణికి ముప్పై నిండుతున్న సంగతి ఇంట్లో అందరికన్నా ముందు ఎనిమిదేళ్ళ కూతురు అలేఖ్య కనిపెట్టింది. సెలవుల్లో ఏమీ తోచక తల్లి ఆధార్ కార్డు చూసి, వేళ్ళమీద లెక్కవేసి, జూన్ ఐదు పొద్దున్నే కింది దుకాణానికి పరుగెత్తి మూడు, సున్నా ఆకారంలో ఉన్న కొవ్వొత్తులు పట్టుకొచ్చింది.

విజయరాణికి పుట్టినరోజులంటే కోపమేమీ లేదు. కూతురికి ఏటా గాలిబుగ్గలు కట్టి కేకు కోయించేది ఆమే. ఆ రోజు పిల్లకు ఒక ఏడు పెరుగుతుందనీ, తల్లికి మాత్రం రెండేళ్ళు పెరుగుతాయనీ ఆమె లెక్క. తనకు చిన్నప్పుడు ఎవరూ ఏమీ చేయలేదు. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ మనసులో కొంచెం వెలితిగానే ఉంటుంది. అది సరే అనుకున్నా, ముప్పై మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. సూరత్‌లో వాళ్ళుండే గోడాదరా కూరగాయల మార్కెట్టులో మొన్నటిదాకా బెన్ అని అక్కచెల్లెలి వరసలో పిలిచినవాడు, ఈమధ్య మాసీ అని పిన్నిని చేసేశాడు. వాడి దగ్గర వంకాయలు కొనడం మానేసింది.

పైగా ఆ ముప్పై తనది కాదని ఆమె నమ్మకం. తెలంగాణలో తన ఊళ్ళో బడికి వచ్చిన పిల్లలందరికీ వరప్రసాద్ సారు జూన్ ఐదే రాసేవాడు. పంతులు కలం పెట్టిన రోజునే ఊరి పిల్లలంతా పుట్టారు. సారు నీ వయసు తప్పు రాసిండని తల్లి ఒకసారి అన్నది. తప్పు ఎటువైపో చెప్పలేదు. విజయరాణి తనకు నచ్చిన వైపు తీసుకుంది.

"ఇవి వాపస్ ఇచ్చి రెండు, ఎనిమిది తీస్కరాపో," అంది కూతురితో.

"ఆధార్ల తీస్, ముప్పై వస్తున్నది మమ్మీ."

"ఆధార్ల మా సారు రాసిందే ఉంటది. కావల్నంటే బాపమ్మను అడుగు. నేను పుట్టినప్పుడు దగ్గరున్నది బాపమ్మనే."

బాపమ్మ అంటే నర్సవ్వ. విజయరాణికి అత్తగారే కాదు, తండ్రికి స్వయానా అక్క. కోడలి పక్కనే కూర్చుని ఆమెతో పాటు చీరకు రాళ్ళు అతికిస్తున్న నర్సవ్వ తల ఎత్తలేదు. పిల్ల మూతి ముడుచుకుని మెట్లు దిగింది.

అడుగుల చప్పుడు వినిపించనంత దూరం పోయాక నర్సవ్వ అంది, "నన్నెందుకు సాక్ష్యం పిలిచినవ్ బిడ్డా."

"ఏందత్తా?"

"బతుకమ్మకు నేను తల్లిగారింటికి పోయి ఉన్న. గప్పుడు పుట్టినవ్ నువ్వు. నిన్ను మొదలు ఎత్తుకున్నది నేనే. గప్పటికి వినోద్‌గాడు నా కడుపుల నాలుగో నెల."

విజయరాణి చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. భర్త వినోద్ సూరత్‌లో పెద్దాసుపత్రిలో పుట్టినవాడు. అతని తేదీ ఏ పంతులూ రాసింది కాదు. మొన్న ఫిబ్రవరిలో అతనికి ముప్పై ఒకటి నిండితే సేమ్యా పాయసం చేసింది తనే. అంటే తనకు ముప్పై ఒకటి ఎప్పుడో దాటింది. ముప్పై రెండు బతుకమ్మతో పాటే వస్తోంది. అంతకన్నా పెద్ద ముప్పు, తను మొగుడికన్నా అయిదు నెలలు పెద్ద. వాళ్ళ కులంలో పిల్ల పిల్లాడికన్నా ఒక్కరోజు పెద్దదని తెలిసినా సంబంధం మాట అక్కడే ఆగిపోతుంది.

"తెలిసి తెలిసి ఎట్ల చేస్కున్నవత్తా?"

"నిన్ను ఎత్తుకుంటే నా వేలు పట్టుకొని ఇడువలే. కొడుకు పుడితే ఈ పిల్ల నాదే అని ఆడనే అనుకున్న. వాడు వచ్చుడే ఆలస్యం చేసిండు. దాంట్ల నీ తప్పేమున్నది?"

నర్సవ్వ ఆ మాట అని మళ్ళీ రాళ్ళ పనిలో పడింది. విజయరాణికి కళ్ళు చెమర్చాయి. పెళ్ళయ్యాక ఈ ఇంటి మనిషినయ్యాననుకుంది ఇన్నేళ్ళూ. మొగుడు పుట్టకముందే ఈ ఇంట్లో తనకోసం ఒకరు చోటు పెట్టి ఉంచారు. చిన్నప్పటి వెలితి ఏదో తీరినట్టయింది.

అంతలోనే కొవ్వొత్తులు గుర్తొచ్చాయి. ఇరవై ఎనిమిది అని కేకు మీద పెడితే వినోద్ ఊరుకోడు. నిజమెంతో చెప్పమని తల్లిని పట్టుకుంటాడు. నర్సవ్వకు దాచడం వచ్చు గానీ, సూటిగా అడిగితే అబద్ధం చెప్పడం రాదు. విజయరాణి ఒక్క ఉదుటున లేచి వసారా గోడ మీంచి వంగింది.

"అలేఖ్యా, వాపస్ రా. అవే ఉండనియ్యి."

సాయంత్రం మగ్గాల మీద పగటి షిఫ్టు ముగించుకుని వచ్చిన వినోద్ కేకు మీది అంకెలు చూసి నవ్వాడు.

"ఇరవై ఎనిమిదే అని పొద్దున పంచాయితీ పెట్టినవట?"

"సారు చదువుకున్నోడు. ఊకెనే రాస్తడా?" అంది విజయరాణి.

"అయితే నాకంటె ఒక్క ఏడే చిన్నదానివన్నట్టు. పెద్దోన్ని, జర కాళ్ళు మొక్కు."

"మొక్కుత గాని, ముందుగాల జరుగు. కేకు కొయ్యాలె."

వినోద్‌కు హుషారు ఎక్కువైంది. తల్లి వైపు తిరిగాడు. "అవునే అమ్మా, ఇది పుట్టినప్పుడు నేనెంతున్న? నడుస్తుంటినా?"

నర్సవ్వ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. మొదటి ముక్క తనకేనని అలేఖ్య అప్పటికే నోరు తెరుచుకుని నిలబడి ఉంది. విజయరాణి కూతుర్ని దాటి వెళ్ళి, చేతికి వచ్చినంత పెద్ద ముక్క తీసి అత్త నోట్లో పెట్టింది.