ముట్టుకోని బుట్ట

"ముట్టుకోకండి బావా. మీరు ముట్టుకోకపోతే అవి ఎక్కడికీ పోవు."

అక్క పోయిన రెండో నెలలో నేను ఫోన్లో ఇచ్చిన సలహా ఇది. మా ఇళ్ళల్లో కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా ఆ సరుకుల యాప్ నడిపే కంపెనీలోనే నా ఉద్యోగం. బస్సుల షెడ్డులో మెకానిక్ అయిన మా బావ ఇంజన్ని నట్టు నట్టుగా విప్పి బిగించగలడు కానీ ఫోన్ అంటే ఆయనకు భయం. కాబట్టి నా మాట ఆయనకు వేదవాక్కు.

మా యాప్‌లో వారం బుట్ట అని ఒకటుంది. ఒకసారి నింపి పెట్టుకుంటే ప్రతి గురువారం అవే సరుకులు ఇంటికి వస్తాయి. ఒక్కో సరుకు కింద చిన్న గడి ఉంటుంది. గోదాములో సరుకులు ఏరి సంచిలో వేసేవాళ్ళకు ఏమైనా చెప్పాలంటే అందులో రాయవచ్చు. అందరూ "తాజావి" అనో, "గేటు దగ్గర కుక్క ఉంది" అనో రాసి ఊరుకుంటారు. మా అక్క ఊరుకునే మనిషి కాదు. బడిలో లెక్కలు చెప్పేది. ఎదుట మనిషి కనిపించినా కనిపించకపోయినా చెప్పడం ఆమెకు అలవాటు.

అరటిపళ్ళ కింద, "కాస్త పచ్చివి వెయ్యి నాయనా. మా ఇంట్లో ఆదివారం దాకా ఎవరూ వాటి మొహం చూడరు, సోమవారం అందరికీ ఒకేసారి గుర్తొస్తాయి" అని రాసింది. టమాటాల కింద, "నువ్వే నొక్కి చూడు. మా ఆయన చూడడు." ఉల్లిపాయల కింద, "మొలకలొచ్చినవి వద్దు, తోట పెట్టే ఓపిక లేదు." గుడ్ల కింద, "అడుగున పెట్టావంటే ఆమ్లెట్టు నువ్వే తినాలి." బ్రెడ్డు కింద ఉన్నది మాత్రం ఆఖరున రాసింది, ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం. "మెత్తటిది చూసి వెయ్యమ్మా. ఈమధ్య నాకు నమలడం కష్టంగా ఉంది."

అక్క పోయాక బావ ఆ బుట్టను అలాగే నడిపాడు. గురువారం సాయంత్రం సంచులు రాగానే ఆయన ఒక్కొక్కటీ బయటికి తీస్తాడు. పదేళ్ళ మా మేనకోడలు ఫోన్ పట్టుకుని ఆ సరుకు కింద వాళ్ళమ్మ రాసింది పైకి చదువుతుంది. ఆ తర్వాతే అది ఫ్రిజ్‌లోకో అరలోకో వెళ్తుంది. నేనొకసారి అక్కడే ఉండి చూశాను. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నవ్వారు. అక్క పోయాక ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది. బ్రెడ్డు దగ్గర ఎవరూ నవ్వలేదు. పాప చదవడం అయ్యేదాకా బావ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

యాప్ అప్పుడప్పుడూ, "మీ బుట్టను సరిచూసుకుంటారా?" అని అడుగుతుంది. ఏది నొక్కితే ఏం పోతుందోనని బావ నాకు ఫోన్ చేశాడు. ముట్టుకోవద్దన్నాను. ఆయన ముట్టుకోలేదు. మడి కట్టుకున్నంత నిష్ఠగా, ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.

ఏడాది దాటింది. ఒకరోజు గోదాముల పెద్ద మా ఫ్లోరుకు వచ్చి గోల పెట్టాడు. ఏరేవాళ్ళు ఆ గడుల్లో రాతలు చదవడానికి ఆగిపోతున్నారట. సంచికి ఐదు సెకన్లు పోతున్నాయట.

"ఎప్పుడో చచ్చిపోయిన కుక్కల గురించి హెచ్చరికలున్నాయండీ. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇళ్ళ తాళాల గురించి ఉన్నాయి. ఇవన్నీ ఎవరికోసం?" అన్నాడు.

ఆ పని నాకు అప్పగించారు. నేను ఒక నియమం పెట్టాను. ఏడాదిగా ఎవరూ మార్చని రాతలను తీసెయ్యాలి. ఆరు నెలలు చాలన్నారు కొందరు. పోనీలే పాపం, ఏడాది ఇద్దామని నేనే ఉదారంగా అన్నాను. ముట్టుకోకుండా పడి ఉన్న దాంతో ఎవరికీ పని ఉండదన్నది నా తర్కం. పది రాతలు అటూ ఇటూ ఏరి చూశాం. పదీ చెత్తే. ఒకాయన పెరుగు కింద తన అల్లుడి మీద చాడీలు రాసుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వుకున్నాం.

నా పక్క సీటాయనను మేం సందేహాలరావు అంటాం. ప్రతిదానికీ ఒక ప్రశ్న వేస్తాడు. ఆరోజూ వేశాడు. "తీసేసే ముందు ఎక్కడైనా దాచిపెడదామా?"

"బూజు దులిపి డబ్బాలో దాచుకుంటామా గురూ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ తీసేసే ప్రోగ్రామ్ నడిపాను. నాలుగు నిమిషాలు పట్టింది. గోదాముల పెద్ద మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు.

అక్క గుర్తు రాలేదా అంటే, రాలేదు. నన్ను నేను సమర్థించుకోవడానికి నా దగ్గర ఇంకే మాటా లేదు. ఇంట్లో అక్క రాతలు అక్క రాతలే, ఆఫీసులో అవి లక్షల వరసల్లో కొన్ని వరసలు. రెండూ ఒకటేనన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

ఆరు వారాల తర్వాత, సరిగ్గా నేను మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే బావ ఫోన్ చేశాడు.

"ఖాళీగా ఉన్నావా? ఒక తప్పు చేశాను. నీకు చెప్పాలి."

"ఏమైంది బావా?"

"ఏదో నొక్కేసినట్టున్నాను. ఎప్పుడు నొక్కానో కూడా తెలీదు. మీ అక్క రాసినవన్నీ పోయాయి. ముట్టుకోవద్దని నువ్వు చెప్పావు కూడా."

నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు చూశారు?"

"ఆరు వారాలైంది. నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పాపకు ఫోన్ పాడైందని చెప్పాను. గురువారం గురువారం నాకు గుర్తున్నవి నేనే చెప్తూ వచ్చాను. పోయిన వారంతో అవీ అయిపోయాయి."

అన్నం అలాగే వదిలేసి డేటాబేసులు చూసే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తెర మీద చూసి తల ఎత్తింది. "బ్యాకప్ ముప్పై రోజులే ఉంటుంది. నీకు తెలిసిందేగా. పన్నెండు రోజులు ముందొచ్చి ఉంటే పూటలో తీసిచ్చేదాన్ని."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ ఏడాదిలో బావ ప్రతి గడిలోనూ ఒక్క చుక్క చేర్చి ఉన్నా అవి బతికేవి. నా మాట విన్నాడు కాబట్టే పోయాయి. కంచే చేను మేసింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, ఎవరొస్తున్నారో పోతున్నారో చూడకుండా ఏడ్చాను.

మర్నాడు గురువారం. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. సంచులు వంటింటి బల్ల మీద విప్పకుండా ఉన్నాయి. ఒక సంచి నోట్లోంచి అరటిపళ్ళు కనిపిస్తున్నాయి. మచ్చలొచ్చేంతగా పండిపోయాయి.

"మీరేదీ నొక్కలేదు బావా," అన్నాను. "తీసేసింది నేను."

అంతా చెప్పాను. గోదాముల పెద్ద, ఐదు సెకన్లు, నా నియమం, డబ్బా మీద నేనేసిన జోకు కూడా. అయ్యాక బావ తన గోళ్ళలోని నల్లటి గ్రీజు చూసుకున్నాడు.

"ఏడాది ముట్టుకోలేదని తీసేశావు."

"అవును."

"ముట్టుకోవద్దన్నది నువ్వే కదా."

కోపంగా అనలేదు. ఏ నట్టు ఎక్కడ వదులైందో చూసుకుంటున్నవాడిలా అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

కాసేపటికి, "ఒక్క మాట చెప్పు," అన్నాడు. "నేను మొదటి వారమే నీకు చెప్పి ఉంటే? అప్పుడు అవి తిరిగి వచ్చేవా?"

ఆయన మొహం చూశాను. ఆరు వారాల్లో చెంపలు లోపలికి పోయాయి.

"లేదు బావా. పోయిన రోజే పోయాయి. మీరు ఎప్పుడు చెప్పినా ఒకటే."

ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "అదే తినేస్తోంది నన్ను. నా నోరు పడిపోబట్టే పోయాయేమోనని. సరేలే." లేచి మొహం కడుక్కుని వచ్చాడు. నేను జీవితంలో చెప్పిన అబద్ధాల్లో సిగ్గుపడనిది అదొక్కటే.

తలుపు తోసుకుని పాప వచ్చింది. నన్ను చూడగానే దాని మొహం వెలిగిపోయింది. "మామయ్యా, ఫోన్ బాగుచేశావా? ఆ యాప్ నువ్వే కదా చేసేది. అమ్మ మాటలు వచ్చేశాయా?"

దానికి నిజం చెప్పాలనే వచ్చాను. నోరు తెరిచాను. బావ నాకంటే ముందు మాట్లాడాడు.

"ఫోన్ పాడవలేదమ్మా. నేనే చూసుకోకుండా ఏదో నొక్కాను, పోయాయి. మామయ్య చాలా ప్రయత్నం చేశాడు. రాలేదు."

పాప వాళ్ళ నాన్న వంక చూస్తూ నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. అది వెళ్ళి ఆయన నడుము పట్టుకుంది.

"పర్లేదులే నాన్నా. నువ్వు కావాలని చెయ్యలేదుగా."

బావ దాని తల నిమురుతూ నా వంక చూశాడు, ఊరుకో అన్నట్టు. నేను ఊరుకున్నాను. పాప సంచి విప్పి బ్రెడ్డు తీసి ఆయన చేతుల్లో పెట్టి, కాసేపు ఆగి, ఏమీ చదవకుండానే అర తలుపు తెరిచింది.