పన్నెండో మనిషి పాదాలు

నన్ను మా ఎంకపల్లి చర్చిలో అందరూ మంచివాడంటారు. సంఘ పెద్దను కాబట్టి అనక తప్పదు. అసలు సంగతి నాకు తెలుసు, నా భార్య నిర్మలమ్మకు ఇంకా బాగా తెలుసు. రెండువేల ఆరులో, గుడ్ ఫ్రైడేకు ముందు రోజు గురువారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. నేనెలాంటివాణ్ణో మీరే తేల్చుకోండి.

యేసు తన శిష్యుల పాదాలు కడిగింది ఆ గురువారమే. మా చర్చిలో ప్రతి ఏడూ ఆ సాయంత్రం పన్నెండు మందిని ముందు బెంచీల మీద కూర్చోబెట్టి, అయ్యగారు, అంటే మా పాస్టరు, వాళ్ల కాళ్లు కడిగి తువ్వాలతో తుడుస్తారు. ఆ ఏడు అయ్యగారికి నడుము పట్టేసింది. వంగలేకపోతున్నాను, ఈసారి నువ్వు కడుగుతావా ప్రేమదాసూ అని అడిగారు. ఆయన మాట పూర్తి కాకముందే ఒప్పేసుకున్నాను. వినయం ఎంత తొందరగా పొంగుకొచ్చిందో చూడండి.

అయ్యగారు ఇంకో కబురు కూడా చెప్పారు. హైటెక్ సిటీలో పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు తమ చర్చి తరఫున ఆ రోజు మా ఊరికి వస్తున్నారు. ఆరాధన ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో పెడతారట. వెబ్‌సైట్ అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడి నుంచైనా చూడొచ్చని మాత్రం అర్థమైంది. సంఘ పెద్ద ప్రేమదాసు మోకాళ్ల మీద కూర్చుని పేదవాళ్ల పాదాలు కడుగుతుంటే లోకమంతా చూస్తుంది. సంతోషంతో ఆ పూట నాకు అన్నం కూడా సహించలేదు.

ఆ పన్నెండు మందినీ నేనే ఎంచాను. ఇంటింటికీ వెళ్లి, కుశలం అడుగుతున్నట్టే అడుగుతూ కాళ్లు చూసేవాణ్ణి. మరీ నల్లగా ఉన్నవి వద్దు, గోళ్లు చెడినవి వద్దు. ఎంచిన వాళ్లందరికీ సబ్బుతో బాగా రుద్దుకుని, పౌడరు వేసుకుని రమ్మని చెప్పాను. కడగబోయే కాళ్లను ముందే కడిగించిన మొనగాణ్ణి నేనే అయి ఉంటాను. నిర్మలమ్మ ఊరుకుంటుందా? "పెండ్లి చూపులకు పోయినోని లెక్క కాళ్లు చూస్కుంట తిరుగుతున్నవేంది?" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆడవాళ్లకు సంఘం పనులు అర్థం కావని కసిరాను.

బుధవారం పొద్దున మా అన్న శాంతయ్య వచ్చాడు. కనకమామిడిలో పట్నం వాళ్ల ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్. రోజంతా పైపు పట్టుకుని గడ్డికి నీళ్లు కొట్టాలి. బాపు పోయాక కూలికి పోయి నన్ను పదో తరగతి దాకా చదివించింది ఆయనే. ఆ చదువుతోనే, భూముల రేట్లు పెరిగినప్పుడు నేను బేరాలు కుదిర్చి డాబా ఇల్లు కట్టాను. ఇల్లు లేచిన కొద్దీ అన్న దగ్గరికి నా రాకపోకలు తగ్గాయి.

ఆయన గడప బయటే నిలబడ్డాడు. "తమ్మీ, ఆ పన్నెండు మందిల నన్ను గూడ కూసోబెట్టు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నా కళ్లు అలవాటుగా కిందికి పోయాయి. కుడి కాలు పగుళ్లు, ఎడమ కాలికి మట్టి కొట్టుకుపోయిన గుడ్డ చుట్టి ఉంది. నాకు వెబ్‌సైట్ గుర్తొచ్చింది. పేర్లన్నీ అయిపోయాయి, వచ్చే ఏడు తప్పకుండా పెడతానని చెప్పాను. ఆయన తల ఊపి, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వెళ్లిపోయాడు. బావ కాలికి ఏమైందని ఒక్క మాటన్నా అడగవా అని నిర్మలమ్మ నిలదీసింది. నేను పన్నెండు పేర్లూ మళ్లీ లెక్కపెట్టుకుంటూ లోపలికి పోయాను.

గురువారం సాయంత్రం ఐదు గంటలకు క్వాలిస్ బండి వచ్చి చర్చి ముందు ఆగింది. అబ్బ, ఆ సందడి! ఐదుగురు పిల్లలు, మెడల్లో ఆఫీసు కార్డులు. వాళ్లలో సాహిత్య అనే అమ్మాయి చేతిలో కెమెరా ఉంది. కెమెరా ఎటు తిరిగితే నా గుండె అటు కొట్టుకుంటోంది. తెల్ల చొక్కా మీద నడుముకు తువ్వాల కట్టుకున్నాను. అది ముందు రోజే మొయినాబాద్‌లో కొన్నది.

తీరా చూస్తే బెంచీ మీద పదకొండు మందే ఉన్నారు. పన్నెండోవాడు బుచ్చయ్య. నేను చెప్పానని మడమలు తెల్లబడేదాకా ఇటుక ముక్కతో రుద్దుకున్నాడట పాపం. తోలు లేచి రక్తం కారి, మంచం మీద పడుకున్నాడు. ఇంకొకరిని వెతుకుదామనుకునేలోపే అయ్యగారు వెనక వరసలోకి చూసి, "శాంతయ్యా, నువ్వు రా" అని పిలిచారు.

పదకొండు మంది కాళ్లు కడిగాను. ఒక్కో పాదం ఎత్తినప్పుడల్లా పౌడరు వాసన. పదకొండు మంది అయ్యాక కూడా పళ్లెంలో నీళ్లు తేటగానే ఉన్నాయి. క్లిక్, క్లిక్ అని కెమెరా మోగుతోంది. ప్రతి క్లిక్కుకూ నా మొహంలోకి ఇంకాస్త భక్తి తెచ్చుకున్నాను. చివరికి అన్న ముందు మోకరించాను. ఒళ్లంతా మంటగా ఉంది, ఈయన రాకపోతే ఏం పోయేదని.

అన్న ముందు కుడి పాదం పెట్టాడు. కడిగాను. ఫోటో పడింది. ఎడమ పాదం మాత్రం ఇంకా బెంచీ కిందే ఉంచాడు. అది కూడా పెట్టమన్నాను. మెల్లగా ముందుకు జరిపాడు. గుడ్డ విప్పగానే వచ్చిన వాసనకు పక్కనున్న వాళ్లు ముక్కులు మూసుకున్నారు. సాహిత్య కెమెరా దించేసింది. చిటికెన వేలు నల్లగా మాడిపోయినట్టుంది. అరికాల్లో రూపాయి బిళ్లంత పుండు, అందులో తుమ్మ ముల్లు విరిగి ఉంది.

"నొస్తలేదా అన్నా?" అన్నాను.

"లేదు తమ్మీ. గదే భయమైతున్నది" అన్నాడు. తర్వాత నా ఒక్కడికే వినబడేటట్టు చెప్పాడు. "నోటితోని చెప్పనీకె సిగ్గైంది. నువ్వు పెద్దోనివైనవ్ గద. కాళ్లు కడిగేటప్పుడు నువ్వే చూస్తవనుకున్న."

లేచాను. అన్నను రెండు చేతుల మీద ఎత్తుకున్నాను. ఎంత తేలికయ్యాడో మనిషి! పళ్లెం తన్నుకుని నీళ్లన్నీ గచ్చు మీద పారాయి. క్వాలిస్ తలుపు తీయమని కేకేశాను. పిల్లలు పరుగెత్తుకొచ్చారు, నిర్మలమ్మ చెప్పులు లేకుండానే ఎక్కేసింది. చేవెళ్ల దవాఖానకు పోనీయమన్నాను. కనకమామిడి దాటాం. ఎదురుగా కూరగాయల లారీలు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. అన్న కాలు నా ఒళ్లో ఉంది. ప్రభువా, ఈ కాలు దక్కించు అని ప్రార్థిస్తున్నాను. అదే క్షణంలో, అన్నను నేను ఎత్తుకోవడం సంఘమంతా చూసింది కదా అనే ఆలోచన కూడా వచ్చింది. నవ్వకండి. ప్రార్థనా అదీ ఒకే నోట్లో, ఒకే ఊపిరిలో ఉన్నాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉండబట్టలేక చెప్పేశాను. "అన్నా, పేర్లు అయిపోయినయని కాదు. నీ కాళ్లు ఫోటోకు మంచిగుండయని వద్దన్న."

ఆయన నవ్వాడు. "నాకు ఎరికే. అందుకే మంచి కాలు ముంగట పెట్టిన. నీ ఫోటో దిగినంకనే రెండోది చూపిద్దామనుకున్న."

నేను బండిలో అందరి ముందూ భోరుమన్నాను.

షుగరు అని డాక్టరు చెప్పాడు. వేలు పోతుంది, కాలు దక్కుతుంది, ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదన్నాడు. ఆ మాటకు నిర్మలమ్మ, నేను, ఆ సాఫ్ట్‌వేర్ పిల్లలు దవాఖాన వరండాలో ఒకరి చేతులు ఒకరం పట్టుకుని స్తోత్రం చెప్పాం. చిన్నపిల్లల్లాగా ఎగిరినంత పని చేశాం. నేను అన్నను ఎత్తుకుని పరుగెడుతున్న ఫోటో తన దగ్గర ఉందని, వెబ్‌సైట్‌లో పెట్టనా అంకుల్ అని సాహిత్య అడిగింది. నా మనసు ఎగిరి గంతేసింది. అయినా తీసెయ్ బిడ్డా అన్నాను. అలా అనేశాక, నా మాట ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

వేలు తీశాక అన్నను మా ఇంటికే తెచ్చుకున్నాం. రోజూ పుండు కడిగి కట్టు కట్టాలి. మొదటి రోజు స్టూలు బయట అరుగు మీద వేశాను, దారిన పోయేవాళ్లకు కనబడేటట్టు. నిర్మలమ్మ ఆ స్టూలు తీసుకెళ్లి వంటింటి వెనక పెట్టింది. అప్పటి నుంచి అక్కడే. రెండు నెలలు పట్టింది. పుండు కడుగుతూ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం. ఇద్దరం కలిసి దొంగతనంగా తెంపిన జామకాయల గురించి, బాపు కొట్టిన దెబ్బల గురించి. కొన్ని రోజులు నవ్వి నవ్వి కట్టు వంకర పడేది.

ఒకరోజు అన్న పాదం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పుండు మానింది తమ్మీ. రేపటి సంది నేనే కడుక్కుంట" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇంకొక్క వారం నన్నే కడగనియ్యమని బతిమాలాను. అక్కడ మమ్మల్ని చూసేవాళ్లు ఎవరూ లేరన్న సంగతి నాకు ఆ సాయంత్రం దాకా తట్టనే లేదు.