నాలుగో కుదురు

తెల్లవారుజామున నాలుగున్నరకి ఏసమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని పెరట్లోకి వస్తుంది. జూలై ఎండ ముదరకముందే మడి తడపాలి, పందిరి మీద తడి గోనెపట్టా కప్పాలి, ఆనక గంగవాయిలి కూర కొయ్యాలి. ఈ పద్ధతంతా ఇంటి యజమానురాలిది. ఏసమ్మ ఆవిణ్ణి ఇక్కడి పద్ధతిలో మామా అంటుంది, అమ్మా అన్నట్టు. వయసు డెబ్బై ఎనిమిది. ఇరాక్ సైన్యం కువైట్‌ని పట్టుకున్న ఆ ఏడు నెలల్లో, తినడానికి దొరక్క, మామా గులాబీలు పీకించి ఇక్కడ ఆకుకూరలు వేసింది. ఇప్పుడు మేడల మీద కుండీల్లో కూరలు పెంచే ఆడవాళ్ళు విత్తనాల కోసం కార్లేసుకుని ఆవిడ దగ్గరికి వస్తుంటారు. ఎరువుల గురించి అడిగితే ఆవిడ విసుక్కుంటుంది. "ఎందరికి పెట్టాలో ముందు అది చెప్పండి," అంటుంది.

ఆ మడికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఇంట్లో తినేవాళ్ళు ఎందరో, తెల్లారేసరికి అన్ని కుదుళ్ళే కోతకొస్తాయి. గోడల అవతల ఎవరైనా పస్తుంటే వాళ్ళ పేర మరొకటి లేస్తుంది. ఈ రెండో సంగతి ఏసమ్మకి ఎవరూ చెప్పలేదు, ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. మామా, తనూ, డ్రైవర్ మునాఫ్ కలిపి వారమంతా మూడు కుదుళ్ళు. మామా కొడుకు అబ్దుల్ బాసిత్ భోజనానికొచ్చే శుక్రవారం నాలుగు. ఏసమ్మ మడి చూసే బియ్యం పోస్తుంది.

ఆ సోమవారం నాలుగు కనిపించాయి. కొడుకు వస్తున్నాడు కాబోలనుకుని నాలుగూ కోసి పప్పులో వేసింది. అతను రాలేదు. మిగిలింది ఆమె, మునాఫ్ సర్దుకుని తినేశారు. మంగళవారం నాలుగో కుదురు సగమే పెరిగింది. బుధవారం ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. అప్పుడు ఏసమ్మకి భయమేసి చెప్పింది.

మామా చేతికర్ర కూడా మరిచిపోయి పెరట్లోకి వచ్చింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడ్రోజులు మామా. బాబుగారు వత్తారనుకున్నాను."

మామా మడిగట్టు మీద కూలబడి, ఆ కుదురు గోడ అవతల ఎవరో పస్తున్నవాళ్ళదని చెప్పింది. "యుద్ధంలో నేనూ ఇంతే చేశాను. వెనకవీధిలో ఒక ముసలి దర్జీ ఉండేవాడు. అందరితో పాటు వెళ్ళిపోయాడనుకున్నాం. ఐదు రోజులు ఒక కుదురు పాలిపోతూ వచ్చింది. ఆరో రోజు అసలు లేదు. లెక్క సరిపోయిందని నేను సంతోషించాను. నెల తర్వాత తలుపు పగలగొట్టి అతన్ని బయటికి తీశారు."

ఏసమ్మకి సోమవారం పప్పు గుర్తొచ్చింది. ఎవరి కూడో తను తిన్నది.

మునాఫ్ వీధిలో ప్రతి గేటూ తట్టాడు. సగం ఇళ్ళవాళ్ళు వేసవికని చల్లటి దేశాలకి పోయి ఉన్నారు. సాయంత్రం నీరసంగా తిరిగొచ్చాడు. "అందరూ తిన్యామనే అంటాండారు ఏసమ్మక్కా. రోడ్లు ఊడ్చేటోళ్ళను గూడా అడిగినా."

గురువారం ఆ కుదురుకి నాలుగు ఆకులు మిగిలాయి. మామా వంటింట్లోంచి చిన్న ఇత్తడి రోకలి తెప్పించింది. సైనికులు తిరిగే రోజుల్లో ఏ ఇంట్లో ఎవరు దాక్కున్నారో ఆడవాళ్ళు దానితోనే కనుక్కునేవారు. ఎడమ గోడకి మూడుసార్లు కొట్టి చెవి ఆనించింది. కుడి గోడకి కొట్టింది. జవాబు లేదు. వెనక గోడకి కొట్టింది. చాలాసేపటికి అవతల గిన్నెతో తట్టినట్టు ఒక్కసారి చప్పుడైంది.

మునాఫ్ నిచ్చెనేసి అటు దూకాడు. గోడనానుకుని ఉన్న పనిమనిషి గదికి బయట తాళం. పగలగొట్టాడు. ఒక పిల్ల నేలమీద పడి ఉంది.

"యా ఊరు పాపా నీది?" అన్నాడు, కొత్తవాళ్ళతో మాట్లాడే హిందీ మరిచిపోయి.

"రాయచోటి," అంది ఆ పిల్ల. పేరు నస్రీన్. "వారంలో వస్తామని రొట్టెలు పెట్టి తాళమేసి పోయిరి. పన్నెండు దినాలాయ. నాలుగు దినాల్నుంచి కొళాయి నీళ్ళేన్నా."

ఏసమ్మ ఆమెకి గంజి చెంచాతో పోసింది. పోస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం అబ్దుల్ బాసిత్ వచ్చాడు. నస్రీన్ వంటింటి గడప దగ్గర కంచం పట్టుకుని కూర్చుని ఉంది.

"యమ్మా, వెనకింటి తాళం పగలగొట్టించావు. ఈమెని పనిలో పెట్టుకున్న కఫీల్ కెమెరాలో చూసి ఫోన్ చేశాడు, రాత్రికి విమానం దిగుతాడట. ఈలోగా తీసుకెళ్ళి ఆ గదిలోనే దింపమంటున్నాడు. లేకపోతే మన మీద కేసు పెడతాడు."

నస్రీన్‌కి అరబ్బీ అంతగా రాదు. అయినా ముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది.

మామా కొడుకు చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, పొద్దున కోసిన మొదళ్ళు చూపించింది. "లెక్కపెట్టు."

ఐదు. ఐదూ పచ్చగా, లావుగా ఉన్నాయి.

"బయట పస్తున్నవాళ్ళది ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇది అలా లేదు. మడి ఆ పిల్లని ఇంట్లో కలిపేసుకుంది. నేనెలా పంపను?"

ఎనిమిదేళ్ళప్పుడు ఆ కూర తినే బతికినవాడు అతను. చాలాసేపు వంగి చూశాడు. తర్వాత కఫీల్‌కి ఫోన్ చేశాడు. "ఆ పిల్ల రాదు. ఆమె పాస్‌పోర్టు పట్టుకుని నువ్వే రా. కేసంటావా, ఆ తాళం సంగతి పోలీసులకి నేనే చెబుతాను. ఖలాస్."

లోపలికొచ్చి నస్రీన్ ఎదురుగా నిలబడ్డాడు. "ఇక్కడ ఉంటుందా, ఊరికి పోతుందా, ఆమెనే అడుగు," అన్నాడు మునాఫ్‌తో.

మునాఫ్ అడిగాడు. నస్రీన్ కంచం వంక చూసుకుంది.

"ముందు కడుపునిండా తిననీన్నా. మల్ల చెప్తా."

ఎవరూ తొందరపెట్టలేదు.