తీగ కింది వీధి

గాలి లేదు, వాన లేదు, తీగ మీద కాకి కూడా వాలలేదు. అయినా తీగ తెగింది.

వీధి మలుపులో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే అక్క, చేతిలో ఇస్త్రీపెట్టె ఉండగానే కుప్పకూలింది. తీగ ఆమె భుజం మీదుగా బండి మీద పడి బుసలు కొట్టింది. కుళాయి దగ్గర బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్లు కొయ్యబారిపోయారు. పరిగెత్తి లాగేయాలని అందరికీ ఉంది. ముట్టుకున్నవాళ్లు కూడా పోతారని అందరికీ తెలుసు. కళ్లెదుట మనిషి కాలిపోతుంటే చూస్తూ నిలబడటం కంటే వేరే నరకం ఉంటుందా?

ఆ గుంపులోనే గబ్బిలం ఉన్నాడు. కరెంటు లైన్ల మీద కాంట్రాక్టు కూలీ. రోజంతా స్తంభాలకు వేలాడుతుంటాడని తోటివాళ్లు పెట్టిన పేరు అది. పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది. అతను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, గొంతు చించుకుని లైను ఆపించేసరికే అంతా అయిపోయింది.

కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు మోటారుసైకిలు మీద వచ్చాడు. ముందు తీగను చూశాడు, తర్వాత శవాన్ని.

"ఈ తీగకి దండెం గానీ కట్టిందా ఏంటి?"

"చచ్చిన మనిషి మీదకే తోసేస్తారా?" గబ్బిలం పెళ్లాం బిందె కింద పెట్టి ముందుకొచ్చింది. రంగుల మిల్లులో ఆమెది నూలు ముంచే పని. మోచేతుల దాకా నీలం రంగు పట్టి ఉంటుంది.

"అడిగానమ్మా, అంతే. ఒరేయ్ గబ్బిలం, ఆ రెండు కొసలూ కలిపి మెలిపెట్టు. మధ్యాహ్నం షిఫ్టుకి మిల్లుకి కరెంటు కావాలి."

శవం ఇంకా బండి పక్కనే ఉంది. ఆమె తమ్ముడు దుప్పటి కప్పుతున్నాడు. వాళ్లకేమో షిఫ్టు కావాలి!

లైన్ల మీద పనిచేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎక్కేముందు ఆపరేటర్‌ను అడిగి లైను ఆపించుకోవాలి. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. పని అయ్యాక, ఎవరు తీసుకున్నారో ఆ మనిషే వెళ్లి ఆపరేటర్ ఎదుట నిలబడి "మనుషులంతా దిగారు" అని చెప్పాలి. లైన్ క్లియర్ తిరిగి ఇవ్వడమంటే అదే, ఆ తర్వాతే ఆపరేటర్ కరెంటు వదులుతాడు. ఇంకొకరి మాట చెల్లదు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే. ఎందరో చచ్చి నేర్పిన కట్టుబాటు అది. ఆ రోజు లైన్ క్లియర్ తీసుకున్నది గబ్బిలం.

అలవాటు కొద్దీ స్తంభం ఎక్కాడు. తీగను పట్టి ఉంచే బిగింపు విప్పి చూశాడు. బిగింపు కింద అల్యూమినియం పోగులు తెల్లగా పొడి కట్టాయి. లోపల బలం కోసం ఉండే ఉక్కు పోగు తుప్పుపట్టి, గోటితో గీరితేనే రాలిపోయింది. పక్క స్తంభం ఎక్కాడు, అక్కడా అంతే. మూడో స్తంభం ఎక్కబుద్ధి కాలేదు. పైనుంచి చూస్తే ఇళ్ల కప్పులు, ఆరేసిన బట్టలు, పిల్లల బడి, అన్నిటి మీదుగా అదే తీగ సాగిపోతోంది.

దిగి వచ్చి అన్నాడు, "మెలిపెట్టను. ఇక్కడ కలిపితే అక్కడ తెగుతుంది."

"నీ అభిప్రాయం ఎవడడిగాడు?" అన్నాడు సూపర్‌వైజరు.

ఈలోగా జనం పోగయ్యారు. జీపులో ఇంజనీరు వచ్చాడు. లైను పనిలోనే తల నెరిసిన పెద్దాయన స్తంభం మొదట్లో నిలబడి గొంతెత్తాడు.

"మంచి తీగ మన తాత వేస్తే మన మనవడి దాకా ఉంటుంది. గాలి మంచిదైతే! ఇక్కడ మిల్లు ఆవిరి పగలూ రాత్రీ తీగని తింటోంది. మిల్లులో మిషన్లు పెరిగినప్పుడల్లా లోడంతా ఈ ముసలి తీగ మీదే. కాగి కాగి సాగింది. ఊగి ఊగి బిగింపుల దగ్గర పోగులు తెగాయి. పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగ!"

"ఇదంతా నాకు తెలీదనుకున్నారా?" ఇంజనీరు విసుక్కున్నాడు. అతని ముఖంలోనూ నెత్తురు లేదు. "మార్చాలని నేనే పైకి రాశాను. వచ్చే ఏడు చూద్దామన్నారు. నేనేం చేయను?"

"తెలిసీ ఊరుకున్నారా సార్?" అంది గబ్బిలం పెళ్లాం. "కాంట్రాక్టరు యార్డులో కొత్త తీగ చుట్టలు ఉన్నాయిగా. మా ఆయనే దించాడు. అవెవరికి?"

"మిల్లు కొత్త షెడ్డుకి" అన్నారు కూలీలు ఒక్క గొంతుతో.

"అదీ సంగతి. మిషన్లకి కొత్త తీగ, మనుషులకి మెలిపెట్టిన తీగ!" అందామె.

గుంపు గుసగుసలాడింది. టీ కొట్టతను సణిగాడు, "పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాదు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, నీళ్లు రావు. పెద్దవాళ్లతో మనకెందుకు గొడవ?"

"అన్నా, ఒక్కసారి తలెత్తి చూడు" అంది గబ్బిలం పెళ్లాం.

అతను తలెత్తాడు. సరిగ్గా నెత్తి మీద తీగ. గబుక్కున పక్కకు జరిగాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ జరిగారు, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ. ఎటు జరిగినా నెత్తి మీద తీగే. చివరికి జరగడానికి చోటు లేక అందరూ ఆగిపోయారు. ఆ భయంలోంచే నిర్ణయం పుట్టింది. కొత్త తీగ వేసేదాకా లైన్ క్లియర్ తిరిగి ఇవ్వకూడదు. మధ్యాహ్నం షిఫ్టు ఎగ్గొట్టడానికి మిల్లువాళ్లూ ఒప్పుకున్నారు.

అందరూ గబ్బిలం వైపు తిరిగారు. అతనికి చెమటలు పట్టాయి.

"నా నోరే దొరికిందా మీకు?"

"ఇన్నాళ్లకి దానికి పని పడింది, సంతోషించు" అంది పెళ్లాం. ఎవరో నవ్వారు, వెంటనే ఊరుకున్నారు. పోలీసు వ్యాను వీధిలోకి తిరిగింది.

సూపర్‌వైజరుకు ధైర్యం వచ్చింది. "కట్టుబాటూ లేదు, గిట్టుబాటూ లేదు. తెగినదాన్ని మావాళ్లే కలుపుతారు. లైనుకి కరెంటు ఎక్కించేస్తాం. ఎవడు ఆపుతాడో చూస్తా!"

అప్పుడు గబ్బిలం పెళ్లాం వంగి, నేల మీద పడున్న తీగను రెండు చేతులా పట్టుకుంది.

"వదులు!" గబ్బిలం కెవ్వున అరిచాడు. లైను ఆగి ఉందని తెలుసు, ఆపించింది తనే. అయినా గుండె ఆగినంత పనయింది. ఆమె వదల్లేదు. పక్కింటి ఆవిడ పట్టుకుంది. ఇస్త్రీ అక్క తమ్ముడు పట్టుకున్నాడు. పెద్దాయన, కూలీలు, మిల్లువాళ్లు పట్టుకున్నారు. టీ కొట్టతను దేవుణ్ణి తలుచుకుంటూ చివర్న పట్టుకున్నాడు. వీధి పొడవునా చేతులే.

పోలీసులు లాఠీలు ఎత్తారు. తీగను తాకాల్సి వస్తుందేమోనని వాళ్లూ ఒకడుగు దూరంలోనే ఆగారు. దాంతో, తీగ పట్టుకోకుండా నిలబడ్డ గబ్బిలాన్ని, ఆపరేటర్ ఎదుట ఆ మాట చెప్పించడానికి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు.

సబ్‌స్టేషన్ గదిలో ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గబ్బిలం మెడ పట్టుకుని అతని ఎదుట నిలబెట్టాడు.

"ఒక్క మాట చెప్పు, ఇంటికెళ్లిపో. లేదంటే లైను సరిగ్గా చూడక ఆ ఆడమనిషిని చంపింది నువ్వేనని రాస్తాను. ముసలాడివయ్యేదాకా లోపలే."

"వీధిలో జనం..." అన్నాడు గబ్బిలం.

"నువ్వు నోరు తెరిచేలోపు మావాళ్లు జనాన్ని లాగేస్తార్లే."

లాగేస్తారో లేదో ఎవరికి తెలుసు? ఈ గదికి కిటికీ కూడా లేదు. ఆపరేటర్ చెయ్యి స్విచ్ పిడి మీద ఉంది. ఆ చేతి వెనక ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరు వెనక సూపర్‌వైజరు.

"మనుషులంతా దిగారా?" ఆపరేటర్ అడిగాడు. కట్టుబాటు ప్రకారం అడగాల్సిన మాటే.

గబ్బిలం పిడి మీదున్న ఆ చేతి వంక చూశాడు. జైలు భయం, లాఠీ భయం, కూడు పోతుందన్న భయం. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. తీగ పట్టుకున్న ఆ నీలం చేతులు.

"ది... దిగ..."

"చెప్పరా!" సూపర్‌వైజరు అరిచాడు.

"దిగలేదు! ఒక్కరూ దిగలేదు! వీధి వీధంతా తీగ మీదే ఉంది!"

ఆపరేటర్ పిడి మీంచి చెయ్యి తీసేశాడు. స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కొట్టిన దెబ్బకు గబ్బిలం పెదవి చిట్లింది. ఇంకో దెబ్బ పడేలోపు బల్ల మీద ఫోన్ మోగింది. ఆపరేటర్ తీశాడు. అవతలివాళ్ల గొంతు గదంతా వినపడింది.

"అన్నా, మేం మిల్లు వెనక వీధి లైను కూలీలం. మా తీగ కూడా ముసలిదే. లైన్ క్లియర్ కావాలి."

"ఇవ్వకు!" సూపర్‌వైజరు ఫోను లాక్కోబోయాడు.

ఆపరేటర్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఇచ్చాను" అన్నాడు. "తీసుకున్నది ఎవరు? పేరు చెప్పండి."

అవతల ఒక్కసారిగా చాలా గొంతులు తమ తమ పేర్లు చెప్పడం మొదలుపెట్టాయి.