ఎత్తొద్దు

స్టూలు జారిన చప్పుడు విని నేను సైన్సు ల్యాబులోకి వెళ్ళేసరికి పెయింటరు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అంతవరకూ బల్ల మీద స్టూలు వేసుకుని, గోడ పై అంచుకు రంగు వేస్తున్నాడు. డబ్బా ఒలికి తెల్లరంగు అతని జుట్టులోకి పాకుతోంది. అతని బామ్మర్ది అప్పటికే చంకల కింద చేతులు పెట్టాడు.

"లే బావా, లే. పనెగ్గొట్టడానికి ఇదో వేషమా?"

"ఎత్తొద్దు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"కుర్చీలో కూర్చోబెట్టి కాసిని నీళ్ళు పట్టిద్దామండీ..."

కుర్చీ, నీళ్ళు. నిరుడు మావారు మెట్ల మీద నుంచి పడ్డప్పుడు నలుగురూ ప్రేమగా అదే చేశారు. లేవదీశారు, కూర్చోబెట్టారు, గ్లాసు అందించారు. ఆయన చేతులు ఆ గ్లాసును పట్టుకోలేకపోయాయి. చలికాలం దాటకుండానే పోయారు.

మోకాళ్ళ మీద కూర్చుని, పెయింటరు తల కదలకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాను. అంబులెన్సుకు ఫోన్ చెయ్యమన్నాను. బామ్మర్ది చేశాడు. చేసి, మళ్ళీ బావ చంకల కింద చేతులు పెడుతూ నా మీద విరుచుకుపడ్డాడు.

"మనిషి పడుంటే చూస్తూ కూర్చోమంటారా? మీ ఇంట్లో వాళ్ళయితే ఇలాగే వదిలేస్తారా?"

"వెన్నెముక ఒక్క ఎముక కాదు నాయనా, చిన్న చిన్న ఎముకల వరస. వాటి మధ్య బోలులో వేలంత లావున నరాల తాడు ఉంటుంది. కాళ్ళకీ చేతులకీ కబురు అందులోంచే వెళ్ళాలి. ఎముక విరిగి ఉంటే, మనం ఎత్తినప్పుడు ఆ ముక్కే దాన్ని కోసేస్తుంది."

అతను చేతులు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

ఎముకలు మనల్ని నిలబెడతాయి, కదలడానికి సాయపడతాయి, లోపలి మెత్తని భాగాలను కాపాడతాయి. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠమే. చెప్పేటప్పుడు ఎన్నడూ భయం వేయలేదు. ఇప్పుడు నా వేళ్ళు వణికితే అతని మెడ కదులుతుందేమోనని ఊపిరి కూడా నిండుగా తీసుకోలేదు.

"మేడం, ఆ మూల రంగు సమంగా పడిందా?" అన్నాడు పెయింటరు.

"పడింది. తల ఊపకు."

"కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి. ఒరేయ్, కాస్త గిల్లి చూడరా."

బామ్మర్ది నా వైపు చూశాడు. అప్పటికే గిల్లుతున్నాడు.

"గిల్లుతున్నానుగా బావా."

పెయింటరు కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"గట్టిగా గిల్లు. మీ అక్కకున్న బలంలో సగమైనా లేదేంట్రా నీకు?"

అంబులెన్సువాళ్ళు గట్టి పలకతో వచ్చారు. అతని మెడకు పట్టీ బిగించారు. తల, నడుము, కాళ్ళు ఏవీ విడిగా మెలి తిరక్కుండా ఒక్క దుంగలా దొర్లించి పలక మీదికి చేర్చారు. నా చేతులు మాత్రం తల దగ్గరే ఉంచమన్నారు. బామ్మర్ది అతని కాలివేళ్ళను మళ్ళీ గోటితో నొక్కాడు.

"అబ్బా! గోళ్ళు తీసుకోరా వెధవా!"

బామ్మర్ది బావురుమన్నాడు. "ఏ కాలు బావా?"

"ఎడమది."

"మరి ఇది?" అంటూ కుడికాలి వేళ్ళు నొక్కాడు.

పెయింటరు కళ్ళు మూసుకున్నాడు.

"ఆస్పత్రిలో చూస్తారు," అన్నాడు అంబులెన్సు అతను. "ఇక వదలండి మేడం."

పట్టీ బిగిసిందా అని అడిగాను. బిగిసిందన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. విసుక్కోకుండా చూశాడు.

అప్పుడు వదిలాను.