చిన్న టర్బోకి పెద్ద చక్రం

కొండ మీది క్వారీ ఆస్పత్రికి తాళం వేయడానికి యాజమాన్యానికి ఒక సాకు దొరికింది. బండి ఎక్కని చోట ఆస్పత్రి నడపకూడదట. అక్కడికి వెళ్లే బండి ఒక్కటే, నర్సు కారు. చిన్నది, పాతది. నలుగురు కూర్చుని రెండు ఆక్సిజన్ సిలిండర్లు పెడితే మూడో మలుపు దగ్గర ఆయాసపడి ఆగిపోయేది. శనివారం తనిఖీకి అధికారి వస్తున్నాడు. అంత బరువుతోనూ ఇరవై నిమిషాల్లో పైకి చేరకపోతే ఆస్పత్రి మూత. ఆ తర్వాత జ్వరమొచ్చినా నొప్పులొచ్చినా రాళ్లు కొట్టే రెండు వందల కుటుంబాలు కొండ దిగి రావాలి. దిగేసరికి ప్రాణం మిగిలినవాళ్లకే వైద్యం.

నర్సు కారును స్పానరమ్మ మెకానిక్ షెడ్డుకు తెచ్చింది. చేతిలో స్పానర్ లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు గనక ఆ పేరే మిగిలింది. ఆమె మరిది కంపెనీ సర్వీసు సెంటర్లో సూపర్‌వైజరు. ఇంజనుకు గాలి చాలడం లేదనీ, పెద్ద టర్బో మొత్తంగా కొనాల్సిందేననీ, విడి భాగాలు అమ్మరనీ అతను చెప్పాడు. గోరంత దానికి కొండంత ధర, నర్సు కారు అమ్మినా రాదు.

“ఊపిరి చాలకపోతే ఊపిరితిత్తికి వైద్యం చేస్తారు గానీ, మనిషినే మార్చమంటారా?” అంది స్పానరమ్మ.

టర్బో అంటే బ్రహ్మవిద్య కాదు. ఒక ఇరుసు, దాని రెండు చివరలా రెండు చక్రాలు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని పీల్చి ఇంజనులోకి కుక్కుతుంది. అదే కంపెనీ వ్యాను టర్బోకీ ఈ కారు టర్బోకీ ఇరుసు లావు ఒకటే, వ్యానుకు గాలి చక్రం మాత్రం పెద్దది. ఈ సంగతి కంపెనీ ఏ కాగితంలోనూ రాయదు. స్పానరమ్మ పాత ఇనుము దుకాణంలో కూర్చుని కొలిచి పట్టుకుంది. అక్కడున్న ఒకే ఒక్క వ్యాను చక్రాన్ని తెచ్చుకుంది. అది పట్టాలంటే కారు టర్బోలో గాలి చక్రాన్ని కప్పే డొప్పను లోపల తొలచాలి. ఆ పని లేత్ బాబాయికి అప్పగించింది.

బాబాయి నలభై ఏళ్లుగా నీళ్ల పంపులు బాగుచేస్తున్నాడు. పంపులో చక్రానికీ డొప్పకీ మధ్య సందు ఎంత తక్కువుంటే పనితనం అంత గొప్ప. ఇక్కడా అలాగే తొలిచి, సందులో పల్చటి కాగితం పెట్టి లాగి చూపించి మీసం దువ్వుకున్నాడు. చక్రం చేత్తో తిప్పితే బొంగరంలా తిరిగింది. స్పానరమ్మకూ ముచ్చటేసింది. ఆ ముచ్చటే కొంప ముంచింది. టర్బో ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది, వేగం అందుకుంటే వెంట్రుకవాసి పక్కకు ఊగుతుంది. ఆ ఊగుడుకు చోటు వదలాలి. గురువారం పొద్దున కారు కొండ ఎక్కించబోతే మొదటి మలుపైనా రాకముందే బానెట్ కింద ఏదో కీచుమంది. విప్పి చూస్తే రెక్కల అంచులు ఎలకలు కొరికినట్టున్నాయి.

బాబాయి మొహం మాడిపోయింది. “పంపుల బుద్ధి పోనిచ్చుకోలేదమ్మాయ్. తిట్టు.”

“తిట్టడానికి తీరికేదీ? సందు ఇంకాస్త వదులు చెయ్యి బాబాయ్. చక్రం సంగతి నేను చూస్తా.”

చూడ్డానికి దుకాణంలో ఇంకో చక్రం లేదు. ఉన్నవల్లా మరిది సర్వీసు సెంటర్లోనే. వాపసొచ్చిన పాత టర్బోలను ప్రతి శుక్రవారం సుత్తితో పగలగొట్టి, ఫోటో తీసి, తుక్కు కింద అదే పాత ఇనుము దుకాణానికి అమ్ముతారు. బాగున్న భాగం కూడా ఎవడికీ అక్కరకు రాకూడదని కంపెనీ కట్టడి. ఆ సుత్తి పట్టేది మరిదే.

సాయంత్రం స్పానరమ్మ అతనింటికి వెళ్లేసరికి అతను అన్నం తింటున్నాడు. సంగతి విని, ఉద్యోగం పోతుందని ముద్ద దించేశాడు. దొంగతనం చెయ్యమనడం లేదనీ, రేపు కొట్టాల్సినవన్నీ శుభ్రంగా కొట్టమనీ చెప్పిందామె.

“ఎటు వైపు కొట్టాలో మీ కాగితంలో ఉందా?”

“పనికిరాకుండా కొట్టమనుంది వదినా.”

“పొగ వైపు నుజ్జు చేస్తే ఆ టర్బో పనికొస్తుందా?”

మజ్జిగ పోస్తున్న తోడికోడలే అందుకుంది. “సుత్తి ఆయనదే, చెయ్యీ ఆయనదే. ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని కొట్టారు. ఒక్కసారి చూసి కొడితే పుణ్యం.”

శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో మూడు వ్యాను టర్బోలు దిగాయి. పొగ వైపు పచ్చడి. గాలి వైపు గీత కూడా లేదు. స్పానరమ్మ మూడూ తూకానికి కొని, ఒకదాని చక్రం విప్పి బాబాయి కొత్తగా తొలిచిన డొప్పలో బిగించింది. ఇరుసును పక్కకు నొక్కిపట్టి తిప్పింది. ఎక్కడా తగల్లేదు. గాలి పెరిగింది గనక దానికి తగ్గ డీజిలూ అందేలా స్క్రూ కొద్దిగా తిప్పింది.

శనివారం నర్సు నడిపింది. పక్కన అధికారి, వెనక స్పానరమ్మ, బాబాయి, కాళ్ల దగ్గర సిలిండర్లు. మూడో మలుపులో కారు ఒక్క క్షణం బరువుగా మూలిగింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. ఆ వెంటనే టర్బో ఈల అందుకుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. నల్లటి పొగ వదులుతూ కారు పదహారు నిమిషాల్లో ఆస్పత్రి ముందు ఆగింది.

అధికారి దిగి బానెట్ ఎత్తించాడు. డొప్ప మీద లేత్ గీతలు చూసి మొహం చిట్లించాడు. ఇది కంపెనీ ఒప్పుకున్న సరుకు కాదన్నాడు.

“కంపెనీ ఈ కొండ ఎక్కలేదు సార్, మేం ఎక్కాం,” అంది స్పానరమ్మ. “మీ కాగితంలో కారు ఎక్కాలని రాశారు. ఏ చక్రంతో ఎక్కాలో రాయలేదు.”

“ఎవరు చేశారిది?”

“నేనే. రాసుకోండి, స్పానరమ్మ షెడ్డు. చెడితే మళ్లీ చేస్తాను.” చక్రం ఎక్కడిదని అడిగితే తుక్కులో దొరికిందంది. అది అబద్ధమూ కాదు.

చుట్టూ క్వారీ జనం పోగయ్యారు. ఎవరూ అధికారికి దారి ఇవ్వలేదు. నర్సు వాళ్ల మధ్య నుంచే సిలిండరు దొర్లించుకుంటూ లోపలికి పోయి, ముందెవరని కేక వేసింది. చంటిబిడ్డతో ఒకామె లేచింది.

అధికారి బానెట్ దించి దాని మీద కాగితం పెట్టాడు. వేడికి చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. జనం వైపు ఓసారి చూశాడు. చెయ్యి మళ్లీ అక్కడే ఆనించి, ఆస్పత్రి నడవొచ్చని రాసి సంతకం చేశాడు.