మక్కా నీళ్ల ఐసు

"ఈ డబ్బా ఎవరు ఖాళీ చేసినారే?"

జైనబీ కేక విని మల్లీశ్వరి గిన్నెలు కడగడం ఆపింది. జైనబీది రాయచోటి, పక్కింట్లో పని. చావుబతుకుల్లో ఉన్న ఈ ఇంటి పెద్దామె ఖతీజాను చూసిపోదామని వచ్చింది. ఇప్పుడు వంటింట్లో గ్యాసు బండ పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడిపోయింది.

"నేనేక్కా. నిన్న ఐసు చేసినా. ట్యాంకు నీళ్లతో చేస్తే తుప్పు వాసనొస్తాందని రుఖయ్యా మేడమ్ తిట్టింది, మంచి నీళ్లతో చెయ్యమనింది. దీంట్లోవి తేటగా ఉన్నాయని..."

"పాపిష్టిదానా! అవి జంజం నీళ్లే. మక్కా నించి మీ అర్బాబ్ అనీస్ వాళ్లమ్మ కోసం మోసుకొచ్చినాడు!"

మల్లీశ్వరి డబ్బా అందుకుని వంచి చూసింది. చుక్క కూడా లేదు.

మక్కా నీళ్ల సంగతి ఆమెకు తెలియక కాదు. గల్ఫ్‌లో, బహ్లా ఊరిలోని ఈ ఇంట్లో ఆమెను బిడ్డా అని పిలిచింది ఖతీజా ఒక్కతే. మల్లీశ్వరి కూడా ఆమెను ఉమ్మీ, అంటే అమ్మా, అనే పిలిచేది. మంచం పట్టాక ఆ ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. ప్రాణం పోయేముందు ఆ నీళ్లు నా పెదాలకు నువ్వే తాకించాలి అని. మల్లీశ్వరి మాటిచ్చింది. నీళ్లు గొంతు దిగవు కాబట్టి ఐసుముక్క రాస్తే చాలని నర్సు కూడా చెప్పింది.

కానీ మల్లీశ్వరికి తెలిసిన గంగ నీళ్లు దేవుడి గూట్లో, సీలు వేసిన చిన్న రాగి చెంబులో ఉంటాయి. దేవుడి నీళ్లు గ్యాసు బండ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయని ఎలా అనుకుంటుంది? మేడమ్ బీరువాలో ఏ వెండి సీసాలోనో దాచి ఉంటుందనుకుంది.

"మీ ఇంట్లో కొంచెం లేవాక్కా?"

"రంజాన్‌కే అయిపోయినాయి. ఐసు యాడుంది?"

"షఫీ తీసకపోయినాడు."

పెద్దామె కోలుకోవాలని మేకను కోసి, దూరంగా ఘాలాలో ఉండే కంపెనీ కూలీల రూములకు పంచమని మాంసం పంపారు. మాంసం చెడకుండా ఆ పెట్టెలో ఆ ఐసునే సంచుల్లో కట్టి పెట్టింది. మల్లీశ్వరి డ్రైవరు షఫీకి ఫోన్ చేసింది.

"యాడున్నావబ్బీ?"

"ఇజ్కీ దాటినా, గంట దూరం వచ్చేసినా. ఏం మల్లక్కా, మేక వెనక్కి రమ్మంటాందా?"

"నవ్వొద్దు. అది జంజం ఐసంట. ఏదన్నా సంచి పగలకుండా ఉందేమో చూడు."

బండి ఆగిన చప్పుడు. డిక్కీ తెరిచిన చప్పుడు. షఫీ గొంతులో నవ్వు పోయింది.

"రెండు కారినాయక్కా, నెత్తురు కలిసింది. అడుగున ఒకటి గట్టిగానే ఉంది."

"వెనక్కి తిప్పు."

"అర్బాబ్ నన్ను నరుకుతాడు."

"నీ కాళ్లు మొక్కుతా. ఉమ్మీ కోసం."

"...వస్తాండా."

అప్పుడే లోపల్నుంచి రుఖయ్యా కేక వేసింది. "మల్లీ! జంజం తీసుకురా! త్వరగా!"

జైనబీ ఆమె భుజం పట్టుకుంది. "నిజం చెప్పేయ్."

"చెప్తే ఉమ్మీ వినదా? ఆ నీళ్లు లేవని తెలుసుకునా ఆమె పోవాల్సింది?"

ఫ్రీజర్‌లో ట్యాంకు నీళ్ల ట్రే ఒక్కటే మిగిలింది. మల్లీశ్వరి ఒక ముక్క గిన్నెలో వేసుకుని పరుగెత్తింది.

మంచం దగ్గర రుఖయ్యా తల వంచుకుని ఏడుస్తోంది; అనీస్ కళ్లు మూసుకుని తల్లి తల నిమురుతూ ప్రార్థన చదువుతున్నాడు. మల్లీశ్వరి ఐసుముక్కను ఆ ఎండిన పెదాలకు తాకించింది. ఖతీజా కళ్లు తెరిచింది.

"జంజం?" అంది.

"అవును ఉమ్మీ."

ముసలామె నాలుక ఒకసారి కదిలింది. ఆ ఇల్లు కట్టినప్పటి నుంచి తాగిన తుప్పు రుచి ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఆమె మల్లీశ్వరిని సూటిగా చూసింది. తర్వాత పెదాలు బిగించేసింది. నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. మల్లీశ్వరి మళ్లీ తాకించబోతే ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ ముఖం ఇక ఇటు తిరగలేదు; కాసేపటికి ఊపిరి ఆగిపోయింది.

అది చూసింది మల్లీశ్వరి ఒక్కతే. అనీస్ కళ్లు తుడుచుకుని, "మా అమ్మ ఆఖరి కోరిక తీర్చావు. నువ్వు మా ఇంటి మనిషివి," అన్నాడు. ఆమె గిన్నెలో కరుగుతున్న ఐసును కొంగుతో కప్పేసింది.

శవాన్ని కడిగే ఆడవాళ్ల కోసం కబురు పంపాక బయట హారన్ మోగింది. షఫీ సంచిని చొక్కాతో తుడుస్తూ లోపలికి వచ్చాడు.

"తెచ్చినా అక్కా! ఒక్క చుక్క కారలేదు!"

అనీస్ ఆ సంచి వైపు చూశాడు. "ఏంటది?"

"ఉమ్మీ జంజం, అర్బాబ్. మాంసం పెట్టెలో..." షఫీకి మంచం మీద ముఖం దాకా కప్పిన దుప్పటి అప్పుడు కనబడింది.

అనీస్ మెల్లగా మల్లీశ్వరి వైపు తిరిగాడు. ఆమె షఫీ చేతిలోని సంచి తీసుకుని రెండు చేతులా ముందుకు చాపింది.

"ఇప్పుడైనా తాకించనియ్యండి బాబా. కడిగేముందు. ఒక్కసారి."

అతను భుజం పట్టి ఆమెను గుమ్మం దాటించాడు. లోపల గడియ పడింది.